కిరాయి రూంలో బాధ్యత ఎవరికి?

పోయిన ఎండాకాలం మా బోరంచ దగ్గర ఒక తండాలో మీటింగ్ పెట్టారు. ఇంటర్ పాసైన పిల్లలకు సన్మానం. శాలువాలు కప్పారు, పెన్నులు పంచారు. పట్నం నుంచి మన పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. మంచి ఉద్యోగం చేసి రిటైరైనవాడు. మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు. "రూముల్ల ఉండే మన పిల్లలు జాతి పరువు తీస్తున్నరు. రాత్రిళ్లు తిరుగుతరు, తాగుతరు, కిరాయి ఎగ్గొడతరు. ఒక్కడు చేసిన పనికి పదిమందికి రూం దొరకకుంట అయితున్నది. తల వంచుకొని ఉండుండ్రి. మనమెవరమో ఎవరికీ చెప్పకుండ్రి. చదువుకొని రాండ్రి" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాక ఆ మాటలు మళ్లీ గుర్తుకొచ్చాయి. తల వంచుకుని ఉండాలి, మనమెవరమో చెప్పకూడదు. దీన్నేనా మనం పిల్లలకు బాధ్యత అని నేర్పుతున్నది? చప్పట్లు కొట్టినందుకు నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను ఒకటి నుంచి ఐదు తరగతులకు చెప్పే టీచర్ని. డీఎడ్ చదివి డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని. డిగ్రీ పిల్లల సంగతి నీకెందుకమ్మా అని ఎవరైనా అడగవచ్చు. నా ముందు పలక పట్టుకుని, గోర్ బోలి తప్ప ఇంకో మాట రాక ఏడ్చి, తెలుగు అక్షరాలు దిద్దిన పిల్లలే ఇవాళ సంగారెడ్డిలో, పట్నంలో రూములు తీసుకుని ఉంటున్నారు. కిరాయికి ఐదువందలు తక్కువైతే నాకే ఫోన్ చేస్తారు. ఓనర్ గేటు బయట నిలబెట్టి మాట్లాడి పంపితే ఆ రాత్రీ నాకే ఫోన్ చేస్తారు. అందుకే మాట్లాడే హక్కు నాకుందని అనుకుంటున్నాను.

రూం సరదాకు తీసుకోరు

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మన పిల్లలు రూముల్లో ఎందుకుంటున్నారు? షోకు కోసమా?

బోరంచ మంజీర ఒడ్డున ఉన్న ఊరు. నల్లపోచమ్మ దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో జనం బండ్లు కట్టుకుని వస్తారు. మన తండాల నుంచి కాలేజీకి పోయే పిల్లకు మాత్రం బస్సు టైము చూసుకునే చదువు. నారాయణఖేడ్ దాకా అయితే ఎట్లాగో పోయి రావచ్చు. ఖేడ్‌లో లేని కోర్సు కావాలంటే సంగారెడ్డి పోవాలి, లేదంటే నూరు కిలోమీటర్లు దాటి పట్నం పోవాలి. పొద్దున పోయి మాపటికి వచ్చే దూరాలు కావు ఇవి. హాస్టల్ సీట్లు ఉన్నంత మందికే. సీటు రానివాడు, అడ్మిషన్ లేటైనవాడు, హాస్టల్‌కూ కాలేజీకీ మధ్య రెండు బస్సులు మారాల్సినవాడు ఏం చేయాలి? నలుగురు కలిసి రూం తీసుకోవాలి. చదువు మానేయడం ఒక్కటే ఇంకో దారి.

ఇంకో సంగతి కూడా ఉంది. దీన్ని మన టీచర్లమే గుర్తించాలి. మన పిల్లల్లో చాలామంది ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా గురుకులంలోనో ఆశ్రమ పాఠశాలలోనో పెరుగుతారు. బెల్ కొడితే లేస్తారు, బెల్ కొడితే తింటారు, బెల్ కొడితే పడుకుంటారు. గేటుకు తాళం. ఆ తాళంచెవి ఎప్పుడూ ఇంకొకరి దగ్గరే. 2017లో గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలు వచ్చాయి. సీటు దొరికినవాళ్లకు ఇంకో మూడేళ్లు గేటు లోపల నీడ. మిగిలినవాళ్లు ఇంటర్ అయిన మర్నాడే బయట. ఎనిమిదేళ్లు తాళంచెవి ముట్టనివ్వని పిల్లవాడికి ఒక్కరోజులో రూం తాళంచెవి చేతిలో పెడతాం. కరెంటు మీటరు ఎట్లా చూడాలో తెలియదు. అడ్వాన్స్ అంటే ఏమిటో, ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు. గ్యాస్ సిలిండర్ మార్చడం రాదు. బియ్యం ఎన్ని పోస్తే నలుగురికి సరిపోతాయో తెలియదు. మనం నేర్పలేదు. నేర్పకుండా పంపి, వాడు తడబడితే పరువు తీశాడంటాం.

ఈ తప్పులో సగం మనది. సగం అని ఎందుకన్నానంటే, మిగిలిన సగం పిల్లలదే. ఇప్పుడు వాళ్లతో మాట్లాడతాను.

"కిరాయి కడుతున్న, నా ఇష్టం"

తమ్ముడూ, ఈ మాట నీ నోట చాలాసార్లు విన్నాను. కిరాయి కడుతున్నావు, నిజమే. ఆ పైసలు ఎక్కడివో ఒకసారి లెక్క చూద్దాం.

దీపావళి అటుఇటుగా మన తండాలు ఖాళీ అవుతాయి. చెరుకు నరకడానికి పోతారు. జహీరాబాద్ వైపు, సంగారెడ్డి వైపు, బీదర్ వైపు, మహారాష్ట్రకు. బయల్దేరే ముందే మేస్త్రి అడ్వాన్స్ ఇస్తాడు. ఆ అడ్వాన్స్ తీరేదాకా మొగుడూ పెళ్లాం ఒక జత కింద లెక్క. ఒకరు నరకాలి, ఒకరు మోపు కట్టాలి. తోట పక్కన ప్లాస్టిక్ కవర్ కప్పిన గుడిసెలో మూడు నాలుగు నెలలు. నీ కాలేజీ రూం అడ్వాన్స్ చాలా ఇండ్లలో ఈ చెరుకు అడ్వాన్స్ నుంచే వస్తుంది. నువ్వు ఓనర్ చేతిలో పెట్టేది యాడి, బాపు ఇంకా నరకని చెరుకు పైసలు.

ప్రభుత్వం ఇస్తుంది కదా అంటావు. 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు కోసం. కిరాయి కోసం కాదు. ఆ ఫీజు బకాయిలు కూడా ఏళ్ల తరబడి ఆగితే కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వం అంటున్నారు. హాస్టల్‌లో ఉన్న కాలేజీ పిల్లవాడికి నెలకు 1500 ఉన్న మెస్ చార్జీని 2024లో 2100 చేశారు. మంచిదే. బయట రూంలో ఉన్న నీకు ఆ మెస్ చార్జీ రాదు. నీ బియ్యం ఇంటి నుంచి రావాలి. నీ స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో నీకే తెలియదు. అందుకే చెబుతున్నాను, "నా ఇష్టం" అనే మాటలో నీది కొంచెమే ఉంది.

ఆ పైసలతో ఫోన్‌లో రమ్మీ ఆడుతున్నవాళ్లున్నారు. బెట్టింగ్ పెడుతున్నవాళ్లున్నారు. మన రాష్ట్రంలో పైసలు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను 2017లోనే చట్టం చేసి నిషేధించారు. చట్టం కాగితంలో ఉంది, ఆట నీ జేబులో ఉంది. మొదట కిరాయి వాటా పోతుంది. తరువాత రూంమేట్ దగ్గర అప్పు. తరువాత లోన్ యాప్. చివరికి ఇంటికి ఫోన్: "బాపూ, పరీక్ష ఫీజు కట్టాలె." చెరుకు తోటలో బాపు మేస్త్రి దగ్గరికి పోయి ఇంకో ఐదువేలు అడుగుతాడు. అంటే వచ్చే ఏడాది కూడా ఆ తోటకే పోవాలి. నువ్వు ఆడిన ఆటకు అప్పు తీర్చేది వాళ్ల నడుము. రూంలో ఎవడైనా ఈ ఆటలో పడ్డాడని తెలిసీ "మనకెందుకు" అని ఊరుకున్న మిగతా ముగ్గురికీ నేను ఇదే మాట చెబుతాను.

యాడిని బస్టాండ్‌లో కూర్చోబెట్టిన రోజు

ఇక ఆ పెద్దమనిషి రెండో మాటకు వస్తాను. మనమెవరమో చెప్పొద్దన్న మాటకు.

నేను డీఎడ్ చదివే రోజుల్లో ముగ్గురం ఆడపిల్లలం ఒక రూం కోసం నాలుగు వీధులు తిరిగాం. టూలెట్ బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న ఊరు. రెండో ప్రశ్న "మీరు ఏమోళ్లు?" మేం జవాబు చెప్పిన ప్రతి ఇంట్లో అప్పుడే ఎవరో బంధువులు వస్తున్నారు, అప్పుడే ఎవరో మాట ఇచ్చి పోయారు. ఐదో ఇంట్లో మాలో ఒకతి వేరే కులం పేరు చెప్పింది. తాళంచెవి దొరికింది. ఆ సాయంత్రం ముగ్గురం నవ్వుకున్నాం. గెలిచామనుకున్నాం.

రెండు నెలలకు మా యాడి వస్తున్నానని కబురు పంపింది. యాడి ఎప్పుడూ ఫేటియ, కాంచళి కట్టుకునే తిరిగేది. చేతుల నిండా గాజులు, అద్దాలు కుట్టిన పైట. ఆ బట్టల్లో గేటు లోపలికి వస్తే మా అబద్ధం బయటపడుతుంది. నేను బస్టాండ్‌కు ఎదురుపోయాను. "రూంల ఎవరో పరీక్షకు చదువుతున్నరు, ఇక్కడ్నే కూసుందాం" అన్నాను. బస్టాండ్ బెంచీ మీద యాడి మూట విప్పింది. జొన్న రొట్టెలు, పుంటికూర, ఎల్లిపాయ కారం. నేను తిన్నాను. ఆమె నా మొహం చూస్తూ కూర్చుంది. బస్సెక్కేటప్పుడు ఒక్కటే అడిగింది: "నీ రూంకు కిటికీ ఉన్నదా బిడ్డా, గాలి వస్తదా?" ఉన్నదని చెప్పాను.

ఆ రూం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు ఆమె లేదు. ఆ ఏడాది నేను కిరాయి నెలనెలా కట్టాను. గోడ మీద మేకు కొట్టలేదు. గట్టిగా మాట్లాడలేదు. రాత్రి ఎనిమిది దాటితే బయట అడుగు పెట్టలేదు. ఆ పెద్దమనిషి లెక్క ప్రకారం నేను బాధ్యత గల విద్యార్థిని. నా లెక్క ప్రకారం ఆ ఏడాది నేను చేసిన ఒకే ఒక పెద్ద తప్పు ఆ బెంచీ మీదే జరిగింది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. ఇంతకన్నా పెద్ద మనిషికే జరిగింది. 1917లో అంబేద్కర్ విదేశాల్లో పెద్ద చదువులు చదివి వచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరాడు. ఆ ఊళ్లో ఆయనకు ఉండటానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగాడు. పదకొండో రోజు పొద్దున పార్సీలు కట్టెలు పట్టుకుని వచ్చారు. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. తెలిసినవాళ్లను అడిగినా చోటు దొరకలేదు. పార్కులో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. అంత చదువూ ఆ రోజు ఆయనకు ఒక మంచం ఇప్పించలేకపోయింది. మార్చుకున్న పేరు పదకొండు రోజులకు మించి నిలవలేదు.

పేరు దాచుకున్న పిల్లను నేను తిట్టను. ఐదో ఇంట్లో మేం చేసింది అదే. తల దాచుకోవడానికి గతిలేక చెప్పిన అబద్ధం వేరు. దాన్ని నీతిగా, జాగ్రత్తగా, బాధ్యతగా మైకులో బోధించడం వేరు. అవసరం చెప్పించిన అబద్ధానికి సిగ్గుపడాల్సింది అడిగినవాడు.

అడిగినవాణ్ని చట్టం ఆపుతుందా అంటే, సరిగా ఆపడం లేదు. మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర, చెరువుల దగ్గర, రోడ్ల మీద కులం పేరు చెప్పి ఎవరినీ ఆపకూడదంటుంది. కిరాయి ఇల్లు ఆ వరుసలో లేదు. చాయ్ తాగే చోట అడగకూడని ప్రశ్నను పడుకునే చోట దర్జాగా అడుగుతున్నారు. ఢిల్లీ చుట్టుపక్కల కిరాయి ఇండ్ల మీద కొందరు పరిశోధకులు చేసిన అధ్యయనం 2015లో అచ్చయింది. దళితుల, ముస్లింల పేర్లతో ఇల్లు అడిగితే పైకులాల పేర్లతో అడిగిన వాళ్లకంటే ఎక్కువగా కాదన్నారని అందులో తేలింది. మనకు ఇది కొత్త సంగతి కాదు. ఇంటి ఓనర్లకు ఎదురుగా నిలబడి దీన్ని అడగాల్సిన పెద్దలు మన పిల్లల వైపు తిరిగి తల వంచుకోమంటున్నారు. కొత్త సంగతి అది.

మరి బాధ్యత అంటే ఏది?

బాధ్యత ఓనర్ మెప్పు కోసం కాదు. మంచి ఎస్టీలు అనిపించుకోవడానికి కాదు. పక్క వీధిలో పైకులం పిల్లవాడు నల్లా విరగ్గొడితే ఆ పిల్లవాడే విరగ్గొట్టినట్టు. మనవాడు విరగ్గొడితే తండాలన్నీ కలిసి విరగ్గొట్టినట్టు. ఈ లెక్క అన్యాయం. దాన్ని ఒప్పుకుని పిల్లల నెత్తిన పెట్టడం ఇంకా అన్యాయం. జాతి పరువు మూట పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఒక్కడు మోయాల్సింది కాదు.

అయినా నల్లా విరిగితే బాగు చేయించు. ఎందుకంటే విరగ్గొట్టింది నువ్వు. నువ్వు ఖాళీ చేసిన రూంలోకి రేపు వచ్చే తమ్ముడికి నీళ్లు కావాలి. నేను చెప్పే బాధ్యతకు కారణం ఇంతే. అది పైకి, ఓనర్ వైపు చూసేది కాదు. పక్కకు, వెనక్కు చూసేది.

పక్కకు అంటే రూంమేట్. కిరాయి వాటా తారీఖున తీసి పెట్టు. వంట వంతు తప్పించుకోకు. ఒకడికి జ్వరం వస్తే ముగ్గురూ కాలేజీకి పోవద్దు, ఒకడు ఉండండి. డెంగీ కాలంలో రెండో రోజుకే రక్తపరీక్ష చేయించండి, ఇంటికి చెప్పండి. మాట తగ్గిపోయి, తిండి మానేసి, గోడ వైపు తిరిగి పడుకున్నవాణ్ని "మూడ్ బాలేదు" అని వదిలేయకండి. వాడితో కూర్చోండి, వాళ్ల అన్నకు ఫోన్ చేయండి. సీనియర్‌నని చెప్పి జూనియర్ చేత గిన్నెలు తోమించడం, బట్టలు ఉతికించడం గొప్ప కాదు. 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కాలేజీ గేటు బయట జరిగినా ర్యాగింగ్ ర్యాగింగే. తండాలో అన్న అని పిలిచినవాడు పట్నంలో నిన్ను చూసి భయపడితే ఆ పిలుపుకు అర్థం లేదు.

ఇరుగుపొరుగు కూడా పక్కవాళ్లే. అర్ధరాత్రి నడివీధిలో బర్త్‌డే కేకులు, పటాకులు వద్దు. తీజ్ పండుగకు పాట పాడుకోండి, డప్పు కొట్టుకోండి. ముందే పక్కింటివాళ్లకు చెప్పి, వాళ్లనూ పిలవండి. దాక్కుని చేసుకోవాల్సిన పండుగ కాదది. మోటారు వేసి మరిచిపోయి నీళ్లు వీధిలోకి వదలకండి. బోరు ఎండిన తండాల నుంచి వచ్చిన మనకు నీళ్ల విలువ ఇంకొకరు చెప్పాలా?

అడ్వాన్స్ ఇచ్చిన రోజే ఎంత ఇచ్చారో, ఎప్పుడు తిరిగి ఇస్తారో, కరెంటు యూనిట్‌కు ఎంతో కాగితం మీద రాయించుకోండి. అంకుల్ మంచివాడే, కాగితం ఎందుకు అనకండి. మంచివాడైతే సంతకం పెడతాడు. దిగిన రోజే మీటరు ఫొటో, గోడల ఫొటో, పగిలిన అద్దం ఫొటో తీసి పెట్టుకోండి. ఖాళీ చేసేటప్పుడు సున్నం కోసం ఎంత కోస్తారో ముందే అడగండి. ఇది ఓనర్‌తో కొట్లాట కాదు. కాగితం లేని చోటే కొట్లాట పుడుతుంది. ఆ కొట్లాటలో ఎప్పుడూ కాగితం లేనివాడే ఓడిపోతాడు.

ఆడపిల్లల రూముల గురించి అబ్బాయిలకు ఒక మాట. మన తండా ఆడపిల్ల ఎవరితో మాట్లాడింది, ఎన్నింటికి రూంకు వచ్చింది అని కాపలా కాసి ఇంటికి ఫోన్ చేసే తమ్ముళ్లున్నారు. అది బాధ్యత అనుకుంటున్నారు. మీ ఒక్క ఫోన్‌తో ఆ పిల్ల చదువు ఆగుతుంది, నెలలో పెళ్లి కుదురుతుంది. మీరు రాత్రి పదకొండుకు చాయ్ తాగడానికి పోతే తప్పు లేనప్పుడు ఆమె లైబ్రరీ నుంచి తొమ్మిదికి వస్తే తప్పెట్లా అవుతుంది? ఆమె అడిగితే బస్టాప్ దాకా తోడు పోండి. అడగకపోతే మీ చదువు మీరు చూసుకోండి.

ఇక అన్నిటికన్నా చిక్కు ప్రశ్న: రూంకు వచ్చే చుట్టాలు. మన రూం నలుగురిది కాదు, తండాది. గ్రూప్స్ రాయడానికి ఒకడు, పోలీసు పరుగుకు ఒకడు, దవాఖానకు వచ్చిన మామ ఒకడు. ఉస్మానియా హాస్టళ్లలో నాన్‌బోర్డర్లను కడుపులో పెట్టుకుని చదివించిన సంప్రదాయం ఉంది. ఒక మంచం మీద ఇద్దరు, ఒక ప్లేటులో ఇద్దరు. అట్లా చదివినవాళ్లు ఇవాళ టీచర్లు, లెక్చరర్లు, ఆఫీసర్లు. ఇంటికొచ్చినవాణ్ని పొమ్మనే బుద్ధి మనకు రాకూడదు. నలుగురమని చెప్పి పదిమంది ఉంటే ట్యాంకు నీళ్లు అయిపోతాయి, కింద ఇంటివాళ్లు గొడవకు వస్తారు. ఇది కూడా నిజమే. అందుకని దాచకండి. "పరీక్ష ఉన్నది, మా అన్న పది రోజులుంటడు, నీళ్లకు కరెంటుకు ఇంత ఇస్తం" అని ముందే చెప్పండి. వచ్చినవాడు కూడా బియ్యం తెచ్చుకోవాలి, గిన్నె కడగాలి, ఎన్ని రోజులో చెప్పాలి.

వెనక్కు అంటే నీ తరువాత వచ్చేవాడు. చదువైపోయి రూం ఖాళీ చేస్తున్నప్పుడు బోర్డు పెట్టనీయకు. తండా నుంచి వచ్చే జూనియర్‌ను తీసుకుపోయి ఓనర్‌కు చూపించు. పేరు దాచకుండా చూపించు. మూడేళ్లు నీతో ఉన్న ఓనర్‌కు నువ్వెవరివో చెప్పగలిగిన రోజు ఆ చివరి రోజే కావచ్చు. స్టవ్, బకెట్, చాప వాడికి వదిలిపెట్టు. ఏ వీధిలో ఏ ఓనర్ కులం అడగకుండా రూం ఇచ్చాడో, ఎవరు అడ్వాన్స్ ఎగ్గొట్టారో ఒక నోటుబుక్కులో రాసి అప్పగించు. మన పిల్లలు ఏటా ఒకే వీధుల్లో, ఒకే గేట్ల ముందు, మొదటిసారి వచ్చినట్టు అవమానపడుతున్నారు. ఆ నోటుబుక్కు లేకనే.

మైకు పట్టుకున్నవాళ్ల వంతు

పిల్లలకు చెప్పాల్సింది చెప్పాను. ఇప్పుడు టీచర్లకు, ఉద్యోగులకు, పెద్దమనుషులకు.

ఊరి నుంచి పట్నం వచ్చిన పిల్లవాడికి ముందు కావాల్సింది పడుకునే చోటని ఇతర కులాల పెద్దలు ఎప్పుడో గుర్తించారు. హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టింది 1918లో. నూరేళ్లు దాటింది. అక్కడ ఉండి చదువుకున్న ఊరి పిల్లలు తరువాత తెలంగాణను నడిపించారు. వాళ్ల పెద్దలు "తల వంచుకుని ఉండండి" అని మీటింగులు పెట్టి ఊరుకోలేదు. చందాలు వేసుకుని కట్టారు. మనకు 2022లో బంజారాహిల్స్‌లో బంజారా భవన్, ఆదివాసీ భవన్ వచ్చాయి. సంతోషమే. ఆ కొండకు మన పేరే ఉంది. అదే నగరంలో మన పిల్ల పేరు చెబితే రూం లేదంటున్నారు. సభలకు చోటు వచ్చింది. చదివే పిల్లలకు సరిపడా మంచాలు ఇంకా రాలేదు.

ప్రభుత్వాన్ని అడగాల్సింది అడగాలి. కాలేజీ ఉన్న ప్రతి పట్టణంలో హాస్టల్ సీట్లు పెంచాలి. సీటు రానివాడికి కిరాయి సాయం ఇవ్వాలి. స్కాలర్‌షిప్ పరీక్షలయ్యాక కాదు, జూన్‌లో రావాలి. హాస్టల్ నీడ పోతే ఏమవుతుందో మనం చూడలేదా? 2016 జనవరి మొదట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన ఐదుగురిని హాస్టల్ గదుల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు క్యాంపస్‌లోనే ఆరుబయట వెలివాడ వేసుకుని చలిలో పడుకున్నారు. 2016 జనవరి 17న వాళ్లలో రోహిత్ వేముల చనిపోయాడు. గది అంటే గోడలు మాత్రమే కాదు. నువ్వు ఇక్కడివాడివేనని చెప్పే చోటు.

ప్రభుత్వం ఇచ్చేదాకా మనం చేయగలిగింది ఏమిటి? టీచర్లం నెలకు రెండు వందలు వేసుకుంటే మండలానికొక అడ్వాన్స్ నిధి అవుతుంది. రూం దిగేటప్పుడు పిల్లవాడు తీసుకుంటాడు, ఖాళీ చేసేటప్పుడు తిరిగి వేస్తాడు. దాంతో చెరుకు మేస్త్రి దగ్గర తీసుకునే అప్పులో ఒక ముక్క తగ్గుతుంది. గురుకులాల్లో ఇంటర్ చివరి నెలలో వారం రోజులు ఈ పాఠం చెప్పవచ్చు: మీటరు, కిరాయి కాగితం, వంట, బ్యాంకు, జ్వరం వస్తే ఏం చేయాలి. దానికి జీవో అక్కర్లేదు. రూం వెతికే రోజు పిల్లవాడి వెంట ఒక ఉద్యోగి నిలబడితే "మీరు ఏమోళ్లు?" అనే ప్రశ్నకు జవాబు చెప్పే గొంతు మారుతుంది.

చివరగా ఆ పెద్దమనిషి సంగతి. ఆయన్ని నేను మీటింగ్‌లో మొదటిసారి చూడలేదు. అంతకు ముందు ఏడాది నా దగ్గర చదివిన ఇద్దరు ఆడపిల్లలకు పట్నంలో రూం వెతుకుతూ ఒక వీధిలో టూలెట్ బోర్డు చూసి గేటు కొట్టాను. లోపలి నుంచి ఆయనే వచ్చాడు. మనవాడే కదా అని ప్రాణం లేచొచ్చింది. గోర్ బోలిలోనే అడిగాను. ఆయన తెలుగులో జవాబు చెప్పాడు: "ఫ్యామిలీలకే ఇస్తమమ్మా. స్టూడెంట్స్‌కు ఇవ్వం. వాళ్ల చుట్టాలంత వస్తుంటరు."

చుట్టాలంటే యాడి, బాపు. ఫేటియ కట్టుకుని, జొన్న రొట్టెల మూట పట్టుకుని వచ్చేవాళ్లు. ఆయన యాడి కూడా ఒకప్పుడు అట్లాగే వచ్చి ఉంటుంది. ఆమెను ఏ బెంచీ మీద కూర్చోబెట్టాడో ఆయనకే తెలియాలి.

పట్నంలో, సంగారెడ్డిలో, ఖేడ్‌లో ఇండ్లు కట్టుకున్న మన ఉద్యోగులు ఇవాళ కొద్దిమంది కాదు. గోండు, కోయ, ఎరుకల, లంబాడీ, ఎవరైనా సరే. రిజర్వేషన్‌తో సీటొచ్చింది, ఉద్యోగమొచ్చింది, ఆ జీతంతో పై అంతస్తు లేచింది. ఆ పై అంతస్తులో ఒక్క గది మన పిల్లలకు ఇవ్వండి. ఊరికే ఇవ్వమనడం లేదు. కిరాయి తీసుకోండి, కాగితం రాయించుకోండి, తప్పు చేస్తే మందలించండి. ఆ గది ఇచ్చినవాళ్లు మైకు పట్టుకుని మా పిల్లలకు బుద్ధి చెప్పండి, మేం వింటాం. ఇవ్వనివాళ్లు ఆ మాటలు ఇక కట్టిపెట్టండి.

ఈ జూన్‌లో మా బోరంచ చుట్టుపక్కల తండాల నుంచి నలుగురు పిల్లలు డిగ్రీకి పోతున్నారు. ఇద్దరి తల్లిదండ్రులు చెరుకు పని నుంచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. రూం వెతికే రోజు ఆ నలుగురితో పాటు నేనూ బస్సెక్కుతున్నాను. ఆ రెండు జతల తల్లిదండ్రులనూ రమ్మన్నాను. రోజూ కట్టుకునే బట్టల్లోనే రమ్మన్నాను. తలుపు తీసినవాళ్లు అడిగితే మేమెవరమో మొదటి ఇంట్లోనే చెబుతాం. ఐదు ఇండ్లు తిరగాల్సి వస్తే తిరుగుతాం, పదిహేను తిరగాల్సి వస్తే తిరుగుతాం. రూం దొరికాక ముందుగా ఆ తల్లులను లోపలికి తీసుకుపోయి కిటికీ చూపిస్తాను.

మీ తండా నుంచి ఈసారి ఎవరు పోతున్నారు? వాళ్లతో బస్సెక్కేది ఎవరు?